సగం జాయింటు మీద పెట్టిన సంతకం

మా బంధువుల్లో చాలామందికి నేను ఏం పని చేసేవాణ్ణో ఇప్పటికీ తెలియదు. బెల్టుల పని అని చెబితే, నడుముకు పెట్టుకునే బెల్టులనుకుని, "మావాడు వేలూరులో తోలు కంపెనీలో ఉండాడు" అని పెళ్లిళ్లలో చెప్పుకునేవారు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. తర్వాత మానేశాను. తోలు కంపెనీ అంటే కనీసం ఒక జత చెప్పులు తెచ్చిపెట్టమని అడిగేవారు. నా అసలు పని చెబితే ఏం అడగాలో తోచక నా మొహం చూసేవారు.

ఈమధ్య ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరు ఇంటికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి సార్ అన్నారు. పుస్తకాల్లో ఉన్నది వాళ్లకు నాకంటే బాగా తెలుసు. అందుకే పుస్తకాల్లో లేనిది రాస్తున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, నా రిపోర్టులన్నీ ఇంగ్లీషులో రాశాను, మిల్లుల్లో మాట్లాడిందంతా తమిళంలో. తిట్లు తిన్నదీ, ఆ తిట్ల వల్ల బాగుపడిందీ మాత్రం తెలుగులోనే. గుడియాత్తంలో మా వీధి అంతా తెలుగే మాట్లాడుతుంది గాని, అక్షరాలు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా మేనమామ పట్టుబట్టి నాకు నేర్పించాడు. అప్పట్లో ఎందుకీ బాధ అని ఏడ్చినవాణ్ణి, ఈ రోజు ఆయనకు దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

కోయకుండా చూడటం

చక్కెర మిల్లులోనో, సిమెంటు మిల్లులోనో, రాళ్ల క్రషర్‌లోనో సరుకు మోసుకుపోయే రబ్బరు బెల్టును మీరు చూసే ఉంటారు. దానికి మొదలూ చివరా లేనట్టు కనిపిస్తుంది. నిజానికి ఒకచోట రెండు కొసలనూ కలిపి అతికి ఉంటారు. బెల్టు లోపల గుడ్డ పొరలుంటాయి. ఆ పొరలను మెట్లు మెట్లుగా కోసి, గీకి గరుకు చేసి, రబ్బరు సొల్యూషన్ పూసి, ఒకదాని మీద ఒకటి పరిచి, రెండు ఇనుప పలకల మధ్య వేడి మీద బిగిస్తారు. దాన్ని హాట్ జాయింట్ అంటాం. బెల్టు తెగిందంటే దాదాపు ఎప్పుడూ అక్కడే తెగుతుంది.

ఆ జాయింటు లోపల పట్టిందా లేదా అని చెప్పడం నా పని. కోసి చూస్తే ఎవరైనా చెప్పగలరు. కోశాక ఇక జాయింటు ఎక్కడిది? అందుకే పైనుంచే తెలుసుకోవాలి. నా సంచిలో ఒక చిన్న సుత్తి, రబ్బరు గట్టిదనం చూపించే ముల్లు మీటరు, ఉక్కు స్కేలు, తెల్ల పెయింటు ఉండేవి. జాయింటు కింద చెక్క పెట్టి, వేలెడు వేలెడు దూరంలో సుత్తితో కొట్టుకుంటూ పోతే, పొరలు పట్టిన చోట గట్టిగా పలుకుతుంది, పట్టని చోట బోలుగా పలుకుతుంది. జాయింటుకు అటొకటి ఇటొకటి తెల్ల గీతలు గీసి మధ్య దూరం కొలుస్తాం. బెల్టు బరువుతో తిరిగాక మళ్లీ కొలుస్తాం. దూరం పెరిగిందంటే లోపల పొరలు జారుతున్నట్టు. ఇంతే విద్య. నేర్చుకోవడానికి ఒక వారం చాలు. ప్రతిసారీ ఈ చివరినుంచి ఆ చివరిదాకా చేయడం నేర్చుకోవడానికి మాత్రం నాకు ఏళ్లు పట్టింది.

జగన్నాథం సార్

నన్ను ఈ పనిలోకి తీసుకున్నది జగన్నాథం సార్. ఎక్కడో పెద్ద కర్మాగారంలో చేసి, అక్కడివాళ్లతో పడక బయటికి వచ్చి, వేలూరులో కాట్పాడి పోయే దారిలో ఒక మేడమీద ఆఫీసు పెట్టారు. కొత్త ఫ్యాక్టరీలు, కొత్త రోడ్లు, విదేశీ యంత్రాలు అని పేపర్లన్నీ ఊదరగొడుతున్న రోజులు. ఊళ్లో సగంమంది ఏదో ఒక ఏజెన్సీ తీసుకున్నవాళ్లే. ఆయన ఒక్కరే, పెట్టిన యంత్రాలు నడుస్తున్నాయో లేదో చూసే పని పెట్టుకున్నారు.

నేను మగ్గాల ఇంటివాణ్ణని తెలిసి, సార్ సర్టిఫికెట్లు పక్కన పెట్టేశారు. ఒక మూర పొడవు బెల్టు ముక్క చేతికిచ్చి, "కండ్లు మూసుకో. దీంట్లో అతుకు యాడుండాదో చెప్పు," అన్నారు. వేళ్లతో తడిమి చెప్పేశాను. "రేపు వచ్చేయ్," అన్నారు. నా ఉద్యోగం అలా వచ్చింది. చదివిన డిప్లొమా కంటే చిన్నప్పటినుంచి గుడ్డ తడిమిన వేళ్లే నాకు అన్నం పెట్టాయి.

చేరిన కొత్తలో ఒక చక్కెర మిల్లుకు ఒంటరిగా పంపారు. పిప్పి మోసే బెల్టు. జాయింటు కొట్టి చూస్తే నడిమధ్య ఒక బెత్తెడు మేర శబ్దం మారిపోయింది. పెద్ద తప్పు పట్టేశానని ఛాతీ ఉబ్బింది. జాయింటు పనికిరాదని రాసి ఇచ్చాను. మిల్లువాళ్లు గోల చేస్తే సార్ స్వయంగా బస్సెక్కి వచ్చారు. నన్నేమీ అనకుండా, "బెల్టును ఒక మూర ముందుకు జరిపించి మళ్లా కొట్టు," అన్నారు. జరిపించి కొట్టాను. శబ్దం మారిన చోటు జాయింటుతో పాటు జరగలేదు, ఉన్నచోటే ఉంది. కింద ఉన్న రోలర్ తగిలి అలా పలుకుతోందని అప్పుడు అర్థమైంది. కింద చెక్క పెట్టాలన్న సంగతి ఉత్సాహంలో మరిచిపోయాను.

మిల్లు ఇంజనీరు దగ్గరికి వెళ్లి సార్ అన్న మాట నాకు ఇంకా చెవిలో ఉంది. "తప్పు మాదే. చెక్క పెట్టమని నేనే గట్టిగా చెప్పిండాలి." తిరుగు బస్సులో, అలా ఎందుకన్నారు సార్ అని అడిగాను. "తప్పు నీ మీదికి తోస్తే రేపు నువ్వు ఇంకో తప్పు చేసి దాచిపెడతావు," అన్నారు. నాకు దొరికిన అదృష్టాల్లో ఆయన మొదటివారు.

యంత్రం గురించి రెండు మాటలు

కొన్నాళ్లకు ఉక్కు తీగలుండే పెద్ద బెల్టులు రావడం మొదలైంది. వాటి లోపలి తీగలను అయస్కాంతంతో కనిపెట్టి, కాగితం మీద గీతలుగా గీసి చూపించే విదేశీ యంత్రాన్ని సార్ తెప్పించారు. సరిగ్గా ఆయుధపూజ నాటికి వచ్చింది. పసుపు, కుంకుమ, చామంతి దండ, ముందు గుమ్మడికాయ. గుమ్మడికాయ ముక్క ఒకటి ఎగిరి యంత్రం మూత మీద పడితే సార్ అరిచిన అరుపుకు కింద సైకిల్ షాపువాళ్లు పైకి వచ్చారు.

ఆ యంత్రాన్ని చిన్నచూపు చూసే పాతకాలపువాళ్లలో నేను లేను. అది నా చెవికి వినపడనివి వినిపించింది. కానీ కొత్తవాళ్లకు ఒకటి చెప్పాలి. యంత్రం మీరు పెట్టిన చోటే చూస్తుంది. పెట్టని చోటు సంగతి ఎవరూ దాన్ని అడగరు, మిమ్మల్ని అడుగుతారు. ఇది నాకు తెలిసింది ఆ యంత్రం రావడానికి రెండేళ్ల ముందు, సుత్తి పట్టుకుని తిరిగే రోజుల్లో. ఇందాకటినుంచి ఆ సంగతి చెప్పకుండా పక్క దారులు తొక్కుతున్నానని మీకు తెలుస్తూనే ఉండాలి.

గోవిందప్ప మామ

గోవిందప్ప మా వీధివారే. వరసకు మామ. మొదట మగ్గం నేసేవారు, అది చాలక క్రషర్లలో పనికి పోయి, బెల్టులు అతకడం నేర్చుకుని, ఆ పనిలో పేరు తెచ్చుకున్నారు. ఆయన చేతి జాయింటు అంటే క్రషర్లవాళ్లు నిశ్చింతగా ఉండేవారు. నేను ఈ పనికి వచ్చిన మొదటి ఏడాది హాట్ జాయింట్ ఎలా వేస్తారో పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది ఆయనే.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. అది చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని ఆడవాళ్లు చేసే పని. మా అమ్మ ఇంటింటికీ పోయి ఆ పని చేసేది. ఆమె పని ముగించి లేచాక ఆ ఇంటివాళ్లు పోగులు మళ్లీ సరిచూడరు. సరిచూస్తే అతికిన చేతిని నమ్మలేదని అర్థం. ఒక ఇంట్లో అలా చూశారని మా అమ్మ మళ్లీ ఆ గడప తొక్కలేదు. నేను ఆ మర్యాద మధ్య పెరిగినవాణ్ణి.

నాట్రంపల్లి దాటాక కృష్ణగిరి రోడ్డు పక్కన ఒక పెద్ద క్రషర్. రోడ్డు వెడల్పు పనికి కంకర పంపేది. అక్కడ ఏటవాలుగా పైకి పోయే పొడుగాటి బెల్టుకు గోవిందప్ప మామ జాయింటు వేశారు. చూసి సంతకం పెట్టడానికి మరునాడు నేను పోయాను. ముందురోజంతా జల్లు పడిందట. నేను పోయేసరికి ఎండ కాస్తోంది.

ఆ బెల్టు కింది కొస దగ్గర, జారిపడిన కంకరను పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీద వేసే పని అంజలమ్మది. ఏటవాలు బెల్టు తెగితే, పైనున్న రాళ్లతో సహా వెనక్కి జారి సరిగ్గా ఆమె నిలబడే చోటికే వచ్చి పడుతుంది. ఇది నాకు తెలుసు. ఆమె నాకు చెంబుతో నీళ్లిచ్చి, "ఎండన పడి వచ్చినావు, తాగప్పా," అంది. తాగాను.

మామ నన్ను చూడగానే, "వచ్చినావా నాయనా? మీ అమ్మ బాగుండాదా?" అని అడిగారు.

"బాగుండాది మామా."

కుడి అంచు నుంచి కొట్టడం మొదలుపెట్టాను. మామ టీకి కూడా పోకుండా నా తల దగ్గరే నిలబడ్డారు. సుత్తి పడిన ప్రతిసారీ ఆయన మొహం బిగుసుకుంటోంది. నాకు చెవులు వేడెక్కాయి. నాకు పని నేర్పిన మనిషి, మా అమ్మ చేత పడుగు అతికించుకుని ఏనాడూ పోగు సరిచూడని మనిషి. ఆయన కళ్లెదుట ఆయన పనిని సుత్తితో కొట్టి చూస్తున్నాను. సగందాకా వచ్చాను. అంతా గట్టిగా పలికింది. అక్కడ ఆపి లేచి నిలబడ్డాను.

"బాగుండాది మామా."

ఆయన నావైపు చూశారు. "అంతా చూస్తివా?"

"నీ చేతి జాయింటును నేనేంది మామా చూసేది?"

ఆయన ఏదో అనబోయారు. అంతలో మేనేజరు కాగితం పట్టుకుని వచ్చాడు. గీతలు గీసి, రెండు అంచుల దగ్గరా దూరం కొలిచి రాసి, కింద సంతకం పెట్టాను. బెల్టు కదిలింది. పైకి రాళ్లు పోవడం మొదలైంది. నేను బస్సెక్కాను.

అమ్మ అన్నది

బస్సులో ఆంబూరు దాటేదాకా బాగానే ఉన్నాను. పెద్దమనిషికి మర్యాద చేశానని లోపల కొంచెం సంతోషం కూడా. ఆ తర్వాత అంజలమ్మ ఇచ్చిన నీళ్లు గుర్తుకొచ్చాయి. ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాను.

"ఏమప్పా, అన్నం అట్లనే ఉండాది?" అంది అమ్మ.

చెప్పాను. మామ జాయింటు సగమే చూశానని, మిగతా సగం చూస్తే ఆయనకు చిన్నతనమని వదిలేశానని. నువ్వు నేర్పిన పద్ధతే కదమ్మా అని కూడా అన్నాను. ఆమె మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"నేను అతికినాక ఊరోళ్లు లెక్కపెట్టరు. అది వాళ్ల మర్యాద," అంది అమ్మ. "నేను లెక్కపెట్టకుండా యాడన్నా లేచి వచ్చిన్నానా? రెండుతూర్లు లెక్కపెట్టినాకే లేస్తాను. నీ పనే లెక్కపెట్టేది కదప్పా. ఇంకొకరు చేస్తే అది మర్యాద. నువ్వు చేస్తే సోంబేరితనం."

"మామ బాధపడతాడు కదమ్మా."

"పోగు తెగితే నేను పోయి మళ్లా అతికి వస్తాను. నీ బెల్టు తెగితే ఏమవుతాది?"

కింద ఒకామె ఉంటుందని చెప్పాను.

"అయితే ఇంకా నన్నేం అడగతావు? పొద్దున్నే మొదటి బస్సుకు పో," అంది అమ్మ, నా ముందున్న కంచం తీసేస్తూ.

ఎడమ సగం

పొద్దున పోయేసరికి బెల్టు నిండా రాళ్లతో తిరుగుతోంది. కింద అంజలమ్మ పార పట్టుకుని ఉంది. మేనేజరు దగ్గరికి పోయి బెల్టు ఆపమన్నాను. నిన్న బాగుందని సంతకం పెట్టి ఇవాళ ఆపమంటావా, రోడ్డు లారీలు బారులు తీరి ఉన్నాయని తమిళంలో అరిచాడు.

"నేను సగమే చూశాను. మిగతా సగం చూడకుండానే సంతకం పెట్టాను," అన్నాను. నా వృత్తిలో నేను పలికిన మాటల్లో అంతకంటే బరువైనది ఇంకొకటి లేదు. అతను కోపంతో మా ఆఫీసుకు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

జగన్నాథం సార్ అంతా విన్నారు. ఒక్కటే అడిగారు. "బెల్టు కింద ఎవరన్నా ఉండారా?"

"ఉండారు సార్."

"ముందు ఆపించు. ఫోను ఆయనకియ్యి."

మేనేజరుతో సార్ ఏమన్నారో నాకు ఈనాటికీ తెలియదు. బెల్టు ఆగింది. అంజలమ్మ, "ఏమప్పా, ఈ పొద్దు నిలిపేసినారు?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా నీడకు పోయి కూర్చుని తన గిన్నె విప్పుకుంది.

ముందు గీతలు కొలిచాను. కుడి అంచున దూరం నిన్నటిదే. ఎడమ అంచున అగ్గిపుల్ల మందం పెరిగింది. కింద చెక్క పెట్టి నిన్న ఆపిన చోటునుంచి కొట్టుకుంటూ పోయాను. ఎడమ అంచుకు ఇంకా జానెడు ఉందనగా శబ్దం బోలుగా మారింది. బెల్టును జరిపించి మళ్లీ కొట్టాను. ఈసారి శబ్దం జాయింటుతో పాటే జరిగింది. ఒక పళ్లెమంత మేర లోపల పట్టనే లేదు.

అవతల ఇంకో బెల్టు దగ్గర పనిచేస్తున్న గోవిందప్ప మామ ఆ శబ్దం విని వచ్చారు. కత్తి తీసుకుని ఆ చోట పై రబ్బరు కోసి పొర లేపారు. గోరు పెడితే లేచివచ్చింది. లోపల గుడ్డ నున్నగా ఉంది. అక్కడ గీకలేదు, సొల్యూషన్ కూడా పడలేదు. ఆయన ఆ నున్నటి చోటును బొటనవేలితో చాలాసేపు రుద్దుతూ కూర్చున్నారు.

నాకు ఏడుపొచ్చింది. "మన్నించు మామా. నలుగురి ముందర నిన్ను చిన్నతనం చేసినట్లయిపోయినాది," అన్నాను.

"యాడ చిన్నతనం నాయనా?" అన్నారు ఆయన తలెత్తకుండా. "ఏడాదిగా నాకు కండ్లు మసకగా ఉండాయి. ఎవురికీ చెప్పలా. చెప్తే నన్ను ఎవురు పిలస్తారు? చేత్తో తడుముకుంటా చేసేస్తా ఉండా. మొన్న వానకు పైన టార్పాలిన్ కట్టిరి, కింద చీకటి. ఎడమ పక్క గీకినానో లేదో నాకే తెలీలా. నువ్వు వస్తావు, కొట్టి చూస్తావు, తప్పుంటే పట్టేస్తావు అని మూసేసినా. నువ్వు పట్టుకుంటావనే నిన్న అట్ల నిలబడి ఉండింది. నువ్వు సగంలో లేస్తివే..."

నిన్న ఆయన మొహం బిగుసుకున్నది నా మీద కోపంతో కాదని నాకు అప్పుడు తెలిసింది. "రెయ్యంతా నిద్ర లేదు నాయనా," అన్నారు.

ఆ జాయింటు విప్పి మళ్లీ వేశాం. ఆ రోజు ఆయన కళ్లు నేనయ్యాను. ఆయన చెప్పిన చోటల్లా నేను గీకాను, నేను చూపించిన చోటల్లా ఆయన పూశారు. ఆ నెలలోనే వేలూరులో ఆయనకు కంటి ఆపరేషన్ చేయించాం. సార్ నా సంతకం గురించి మళ్లీ ఎత్తలేదు. వీళ్లందరికీ నేను ఏమిచ్చుకోగలను? ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఒక్క జాయింటూ సగంలో వదల్లేదు. నాకు చేతనైంది అదే.

ఆ రోజు కొత్త జాయింటు చల్లారేసరికి మధ్యాహ్నం దాటింది. కుడి అంచునుంచి మొదలుపెట్టి ఎడమ అంచుదాకా, ఒక్క వేలెడు కూడా వదలకుండా కొట్టాను. మామ నా తల దగ్గరే నిలబడి విన్నారు. అంతా ఒకే తీరుగా గట్టిగా పలికింది. నేను లేవబోతుంటే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు.

"ఇంకోతూరి కొట్టు నాయనా," అన్నారు.